మా పాప భయానికి ధ్రువపత్రం అడిగారు

మేము దత్తత తెచ్చుకున్న పాప బడి వ్యవహారం మొన్ననే ఒక కొలిక్కి వచ్చింది. మా విజయనగరంలోనో పక్కనున్న శ్రీకాకుళంలోనో శిశుగృహం నుంచి బిడ్డను తెచ్చుకున్నవారికి పనికొస్తుందని, కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

దత్తత సాఫీగానే జరిగింది. మా ఇద్దరి వయసులూ కలిపితే 90 దాటినందున నిబంధనల ప్రకారం నాలుగేళ్ళు నిండిన బిడ్డకే అర్హులమయ్యాము. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులు కోర్టుకు బదులు కలెక్టరుగారే ఇస్తున్నారు కాబట్టి ఆ మెట్టు దగ్గరా ఇబ్బంది పడలేదు.

పాప ఇంటికి వచ్చాక అన్నం ముద్దలు దిండు కింద దాచేది, కుక్కరు కూత వినబడితే మంచం కిందికి దూరేది. చుట్టాలందరూ కూర్చోబెట్టి నచ్చజెప్పమన్నారు. విశాఖపట్నంలో మేము కలిసిన ఆక్యుపేషనల్ థెరపిస్టు (ఆటల, రోజువారీ పనుల ద్వారా చికిత్స చేసేవారు) మాత్రం, పసితనంలోనే ఆకలీ దెబ్బలూ ఎరిగిన పిల్లల మెదడు చిన్న శబ్దాన్ని కూడా ఆపదగానే లెక్కిస్తుందనీ, గుండె దడదడలాడుతూ ఒళ్ళు బిగుసుకుపోయిన ఆ క్షణంలో ఆలోచించే శక్తి మందగిస్తుంది కాబట్టి మాటలు చెవికెక్కవనీ, ముందు ఒళ్ళు కుదుటపడాలనీ విడమరిచి చెప్పారు. ఊయలను ముందుకూ వెనక్కూ నెమ్మదిగా ఊపమన్నారు. గిరగిరా తిప్పితే కొందరు పిల్లలు ఇంకా రెచ్చిపోతారట. చిన్న బకెట్టుతో నీళ్ళు మోయించడం, చపాతీ పిండి పిసికించడం వంటి పనులు కండరాలకూ కీళ్ళకూ బరువు ఆనేలా చేసి ఒళ్ళును కుదుటపరుస్తాయి. సబ్బునీటి బుడగలు ఊదినప్పుడు ఊపిరి నిదానంగా బయటికి పోయి, మెదడు నుంచి గుండెకు వెళ్ళే వేగస్ నాడి ద్వారా గుండె వేగం తగ్గుతుంది. వేరుశనగ ఉండల డబ్బా పాప చేతికి అందేచోట పెట్టి, మూత ఎప్పుడు తీసినా ఎవరూ ఏమీ అనకూడదని ఇంట్లో అందరికీ చెప్పాము. దాచుకోవడం దానంతట అదే తగ్గింది.

నూనె మర్దన బాధ్యత చీపురుపల్లి నుంచి వచ్చిన మా అమ్మది. అడగకుండా ముట్టుకోవద్దని థెరపిస్టు చెప్పారంటే, "నలుగురిని కాళ్ళ మీద వేసుకొని నీళ్ళు పోసినదాన్ని, నాకు చెప్పొచ్చారా?" అంది. అయినా "అరికాళ్ళకు రాయనా తల్లీ?" అని అడగడం అలవాటు చేసుకుంది, పాప వద్దన్న రోజున గిన్నె పక్కన పెట్టేసేది. దుప్పటి గురించి ఒక హెచ్చరిక చెప్పాలి. పాప తానే దుప్పటి చుట్టుకొని, తల బయట పెట్టుకొని పడుకుంటే హాయిగా ఉంటుంది. బలవంతంగా చుట్టి అదిమిపట్టడం చికిత్స కాదు. 2000లో అమెరికాలోని కొలరాడోలో చికిత్స పేరిట అలా చేసినందుకు, దత్తతకు వెళ్ళిన పదేళ్ళ పాప ఊపిరాడక చనిపోయింది.

ఇక బడి సంగతి. ఆరేళ్ళు నిండాక ఒకటో తరగతిలో చేర్పించాము. గంట కొట్టగానే పాప బల్ల కిందికి దూరడం, టీచరు చెయ్యి పట్టి లాగడం, పాప కొరకడం జరిగాయి. ప్రిన్సిపాలు నన్ను పిలిపించి, ఫీజు కట్టడానికి వచ్చినవారందరి ఎదుట నిలబెట్టి, పాపకు ఏ లోపమూ లేదని ప్రభుత్వ డాక్టరు చేత ధ్రువపత్రం రాయించుకొని వస్తేనే రానిస్తామన్నారు. వార్డు సచివాలయంలో అడిగితే వారికి తెలిసింది వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం ఒక్కటే కాబట్టి, దానికే స్లాటు ఇచ్చారు.

ఆసుపత్రి వరండాలో కాలు పెట్టే చోటు లేదు. కిటికీ వెనకాల కూర్చున్న ఉద్యోగి, వరసలో ఉన్నవారందరికీ వినబడేలా, "ఏటండీ మీ పాపకి? చూస్తే బాగానే ఉంది కదా, పింఛను కోసమా?" అన్నారు. ఆ అరుపుకే పాప చెవులు మూసుకొని నేల మీద ముడుచుకుపోయింది. నేను ఎదురుగా గొంతుక్కూర్చొని రెండు అరచేతులూ చాపాను. వాటిని తన చేతులతో బలంగా తోయడం మేము ఇంట్లో ఆడుకొనే ఆట. వెనకనుంచి ఒకరు దిష్టి అన్నారు, ఒకరు ఒక్కటి తగిలిస్తే లేచి నడుస్తుందన్నారు. నేను ఎవరికీ జవాబు చెప్పకుండా సన్నగా కూనిరాగం తీస్తూ అలాగే కూర్చున్నాను. పాప తోసింది, ఊపిరి వదిలింది, లేచింది. తీరా లోపలికి వెళ్తే, చట్టంలోని 21 వైకల్యాలలో పాప ఏ కోవకూ చెందదనీ, లోపం ఉంటే ధ్రువపత్రం ఇస్తారు గానీ ఏ లోపమూ లేదని ఇవ్వరనీ చెప్పి పంపేశారు. బడి అడిగిన కాగితం అసలు అక్కడ పుట్టేదే కాదని నాకు అప్పుడు తెలిసింది.

మీరు సదరం జోలికి పోకుండా, ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే సత్వర చికిత్సా కేంద్రానికి తిన్నగా వెళ్ళండి. అక్కడి పిల్లల వైద్యురాలు చూపు, వినికిడి, ఎదుగుదల పరీక్షించి, పాపను గోడ పక్కన, తలుపు కనబడే చోట కూర్చోబెట్టాలనీ, గంటకు ముందే చెప్పాలనీ, చెయ్యి పట్టి లాగకూడదనీ ఓపీ చీటీ మీదే రాసిచ్చారు. సహకార బ్యాంకులో ఇన్నేళ్ళు పద్దులు చూసినదాన్ని, కాగితాలకు బెదిరే రకం కాను. 2009 విద్యాహక్కు చట్టంలో పిల్లలను బడి నుంచి తీసెయ్యరాదన్న 16వ సెక్షనునూ, శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించిన 17వ సెక్షనునూ నా దస్తూరీతో రాసి, ఆ చీటీకి జతచేసి ప్రిన్సిపాలు బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, కుర్చీ చూపించారు.

ఇప్పుడు గంట కొట్టే ముందు క్లాసు పుస్తకాల దొంతర స్టాఫ్‌రూముకు మోసుకెళ్ళే పని పాపకే ఇస్తున్నారు. బల్ల కిందికి దూరడం పూర్తిగా పోలేదు గానీ, దూరినా తానే బయటికి వస్తోంది. చీటీ మాత్రం బడివారు తమ దగ్గరే ఉంచుకున్నారు, రేపు తరగతి మారితే మళ్ళీ అడుగుతారు. మీరు నకలే ఇచ్చి, రెండో నకలు మీద అందినట్లు సంతకమూ ముద్రా వేయించుకోండి.