జవాబు రాకపోయినా అడుగుతూనే

బైబిల్లో లూకా సువార్త 18వ అధ్యాయంలో న్యాయం కోసం న్యాయాధిపతి వెంటపడిన విధవరాలి కథ చదివి, ప్రార్థనలతో దేవుణ్ణి విసిగిస్తే పనవుతుందని చాలామంది అనుకుంటారు. నాకైతే అది తలకిందుల అర్థం. దేవుడికి భయపడని, మనుషుల్ని లెక్కచేయని అలాంటి న్యాయాధిపతే చివరికి న్యాయం తీర్చాడంటే, రాత్రింబవళ్లు మొరపెట్టే తనవాళ్లను దేవుడు వదిలేస్తాడా అనేది అక్కడ యేసు ప్రశ్న.

అలాగని అడిగిందల్లా దొరకదు. తన శరీరంలో ముల్లులా బాధిస్తున్నదాన్ని తీసేయమని యేసు అపొస్తలుడు పౌలు మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబే వచ్చింది. (దేవుడు చేసిన మేలు గురించి చర్చిలో చెప్పే సాక్ష్యాల్లో ఈ భాగం ఎవరూ చెప్పరు!) ఎదుటివాళ్ల కష్టం తీరకపోతే విశ్వాసం తక్కువైందనేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

టెన్షన్‌లో మాటలు రాకపోతే 13వ కీర్తన తెరవండి. ఉన్నవి 6 వచనాలే, మొదట్లో అంతా "ఎన్నాళ్లు" అన్న ఫిర్యాదే.