లైటు చెప్పిందల్లా నమ్మని ఏఐ కావాలి

వంశధారకు వరదొస్తోందంటే మా శ్రీకాకుళం జిల్లాలో అందరి చూపూ హిరమండలం దగ్గరున్న గొట్టా బ్యారేజీ మీదే ఉంటుంది. వాన ఒడిశా కొండల్లో పడుతుంది, నీళ్లు మన మీదికొస్తాయి, 2018 అక్టోబరులో తిత్లీ తుపానప్పుడూ ఇదే టెన్షన్. ఇలాంటి చోట ఏఐ పెట్టాలంటే నేను గట్టిగా అవుననే అంటాను, కానీ తను చెప్పేదానికి కారణం చూపించగలిగే ఏఐ అయ్యుండాలి.

1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రెజర్ తగ్గించడానికి తెరుచుకున్న వాల్వు ఒకటి మళ్లీ మూసుకోలేదు. కంట్రోల్ రూంలో దాని లైటు మాత్రం ఆరిపోయింది, దాంతో మూసుకుందనే అనుకున్నారు. మూసుకోమని సిగ్నల్ వెళ్లిందన్న సంగతి తప్ప వాల్వు ఎలా ఉందో ఆ లైటుకు తెలీదు. నిమిషాల్లో వందకు పైగా అలారాలు మోగాయి, రెండు గంటలకు పైగా రియాక్టర్‌ను చల్లబరిచే నీళ్లు బయటికి పోతూనే ఉన్నాయి, చివరికి ఇంధనముండే కోర్‌లో సగం దాకా కరిగిపోయింది. నాకు బాధనిపించేదేంటంటే, వాల్వు అవతలి పైపు వేడి, ఆ నీళ్లు చేరే ట్యాంకులో ప్రెజర్ అసలు సంగతి చెబుతూనే ఉన్నాయి.

లైటు ఆరినా పైపు వేడిగానే ఉండి ట్యాంకులో ప్రెజర్ పెరుగుతోందంటే వాల్వు తెరిచే ఉంది. అనుభవమున్న ఆపరేటర్ బుర్రలో ఉండే ఇలాంటి రూల్స్ రాసిపెట్టుకుని, ఒక్కో సెన్సర్‌నీ మిగతావాటితో సరిచూసి, అన్ని అలారాల వెనకా ఉన్న కారణాన్ని వెతకడమే నాలెడ్జ్ బేస్డ్ సిస్టమ్ అనే రకం ఏఐ పని. ఎందుకలా అంటున్నావని అడిగితే ఏ రూల్ వాడిందో చూపిస్తుంది, 1970లలో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టర్లకు సలహా ఇచ్చేందుకు తయారైన మైసిన్ అనే ప్రోగ్రాం కూడా ఇలా చూపించేది.

గొట్టాలో కూడా గేటు లేచిందని సెన్సర్ చెప్పి, దిగువన నీటిమట్టం కదలకపోతే ఏదో తేడా ఉన్నట్టే. పాత లెక్కలు చూసి నేర్చుకునే ఏఐ ఉంది కదా అంటారు, నిజమే, కానీ పెద్ద వరదలు ఎప్పుడో గానీ రావు, అన్ని తక్కువ లెక్కలతో అది ఎంతని నేర్చుకుంటుంది? అలాగని రూల్స్ ఉంటే చాలనీ అనను, ఎవరూ రాయని సంగతి ఆ సిస్టమ్‌కు అస్సలు తెలీదు. అందుకే గేటు ఎత్తే నిర్ణయం మనిషి చేతిలోనే ఉండాలి, దిగువ ఊళ్లకు ముందే కబురు చెప్పాల్సింది కూడా మనిషే.

ఆ రూల్స్ రాయాలంటే ఏళ్ల తరబడి గేట్ల దగ్గర పనిచేసిన లస్కర్ల పక్కన కూర్చోవాలి, నీళ్లు ఏ రంగులో వస్తే అనుమానపడతారో, ఎప్పుడు మీటర్‌ని నమ్మరో అడిగి రాసుకోవాలి. సాఫ్ట్‌వేర్ తర్వాతైనా కొనొచ్చు, ఈ పని మాత్రం వాళ్లు రిటైరయ్యేలోపే జరగాలి.