గుండె పాఠానికి మటన్ కొట్టు గుండె

గుంటూరు, విజయవాడల్లో నర్సింగ్ ఫస్టియర్ వాళ్లకి గుండె చెప్పేటప్పుడు చార్టు పక్కన పెట్టి మేక గుండె చేతికివ్వండి. మటన్ కొట్టులో ముందురోజే చెప్పాలి. చెప్పకపోతే పైన రక్తనాళాలన్నీ మొదలంటా కోసి, గుండెను చీల్చి ఇస్తారు. అలాంటిది పాఠానికి పనికిరాదు. రక్తనాళాల గొట్టాలు రెండంగుళాల పొడవున ఉంచమనండి.

కత్తి పట్టే ముందు బొటనవేలితో రెండు పక్కలా నొక్కించండి. మెత్తగా లోపలికి పోయేది కుడి, గట్టిగా ఉండేది ఎడమ. కుడి ఎడమలు తారుమారు చేసే పిల్లలకి ఇంతకంటే మంచి దారి నాకు తెలీదు.

తర్వాత కవాటాల పరీక్ష. బృహద్ధమనిలో (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద గొట్టంలో) గడ్డకట్టిన రక్తాన్ని శుభ్రంగా కడిగి, పైనుంచి నీళ్లు పోయాలి. లోపలి కవాటం మూడు రేకులూ ఉబ్బి ఒకదానికొకటి ఆనుకుని మూసుకుంటాయి. ఆ క్షణంలో పిల్లల మొహాలు చూడాలి! నీటిమట్టం మెల్లగా తగ్గితే కవాటం పాడైందనుకోవద్దు. రేకులకు కాస్త ఎగువనే కరోనరీ ధమనుల (గుండె కండరానికే రక్తం ఇచ్చే నాళాల) రంధ్రాలున్నాయి, నీళ్లు అటూ పోతాయి. ఎడమ జఠరిక (కింది గది) కండరానికి రక్తం ఎక్కువగా గుండె సడలినప్పుడే ఎందుకు అందుతుందో చెప్పడానికి ఇదే సరైన సమయం. ఈ పరీక్ష కోతకు ముందే చేయాలి, జఠరిక కోసేటప్పుడు కత్తి పైకి జారితే రేకులు తెగుతాయి.

ఒక్క తేడా మాత్రం తప్పక చెప్పండి: మనిషికి బృహద్ధమని చాపం (వంపు) నుంచి సాధారణంగా మూడు శాఖలు, మేకకి ఒకటే పెద్ద కాండం.