వగరు వెంట బరోలో దాకా

బరోలో అనే వైన్ రుచి చూద్దామని ఇటలీ వెళ్లాను. టురిన్‌లో మిత్రుడి ఇంట్లో సామాను పెట్టి, మర్నాడు పొద్దున్నే ఆల్బా పట్టణానికి రైలెక్కాను. అక్టోబరు మూడో వారం. కిటికీ అవతల అంతా మంచే. ఆ వైన్ చేసే నెబ్బియోలో ద్రాక్షకు ఆ పేరు ఇటాలియన్‌లో పొగమంచు అనే అర్థమున్న ‘నెబ్బియా’ నుంచే వచ్చిందని అక్కడ చాలామంది చెబుతారు. మిగతా ద్రాక్షల కోతలు ముగిశాక ఇది తీరిగ్గా పండుతుంది కనుక నమ్మబుద్ధేసింది.

ఆల్బా నుంచి బస్సులో బరోలో ఊరు చేరాను. కోట, నాలుగు వీధులు, వీధికి రెండు మూడు వైన్ దుకాణాలు. ఊరి పేరే వైన్ పేరు. కానీ చుట్టుపక్కల 11 ఊళ్ల కొండవాలుల్లో పండిన నెబ్బియోలోతో చేసినదాన్నే బరోలో అనాలి. కనీసం 38 నెలలు మాగాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. సీసా మీద ‘రిజర్వా’ (ఇంకా ఎక్కువ మాగినది) అని రాసుకోవాలంటే 62 నెలలు.

వైన్ దాచే ఒక సెల్లార్‌లో గ్లాసులో పోసింది చూసి నిరాశపడ్డాను. నీళ్లు కలిపిన దానిమ్మరసంలా పల్చటి ఎరుపు. వాసన మాత్రం వాడిన గులాబీలది, వెనక కాస్త తారు. ఇంత పేరున్న వైన్ ఇంతేనా అనుకుంటూ ఒక గుక్క తాగాను. పచ్చి వక్క నమిలినట్టు చిగుళ్లు బిగుసుకుపోయాయి. వగరు! పక్కనున్న అమెరికన్ దంపతులు ఆ అనుభూతిని వర్ణించడానికి అయిదారు మాటలు వెతుక్కుంటున్నారు. మనకు ఒక్కమాట చాలు, ఆరు రుచుల్లో అదొకటి. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్లనే వగరు పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకోవడంతో నోటిలో జారుడు పోతుంది. పోసినామె నా ముఖం చూసి నవ్వి, “ముందు భోంచేసి రండి” అంది.

బస్సు తప్పిపోయింది. లా మొర్రా అనే ఊరి దాకా తోటల మధ్య నడిచాను. దారిలో ఎరుపు, పసుపు, నీలం రంగుల చిన్న గుడి కనిపించింది. 1914లో కూలీలు వానకు తలదాచుకోవడానికి కట్టిన గది అది, అందులో ఎన్నడూ ప్రార్థన జరగలేదట. 1999లో అమెరికన్ కళాకారుడు సోల్ లెవిట్ బయట, బ్రిటిష్ కళాకారుడు డేవిడ్ ట్రెమ్‌లెట్ లోపల రంగులు వేశారు. ఎర్రబడుతున్న ఆకుల మధ్య అది పిల్లలు మరచిపోయిన బొమ్మలా ఉంది.

లా మొర్రాలో గంట సేపు కూర్చుని తిన్నాను. మొదట తయరిన్, గుడ్డు పచ్చసొనలతో కలిపిన పిండిని దారాల్లా కోసి చేసిన పాస్తా, వెన్నతో. నేలలోపల పెరిగే పుట్టగొడుగు లాంటి తెల్ల ట్రఫుల్ తురిమి వేస్తామన్నారు. ధర విని వద్దన్నాను. తర్వాత ‘బ్రసాతో’ అనే వంటకం: పశుమాంసాన్ని ఇదే వైన్‌లో నానబెట్టి, ఆ వైన్‌లోనే గంటల తరబడి సన్నని మంట మీద ఉడికించిన కూర. ముక్క ఫోర్కుకే విడిపోతోంది. ఒక ముద్ద తిని గుక్క తాగాను. పొద్దుటి వగరు ఎటు పోయిందో! మాంసంలోని ప్రోటీన్లు, కొవ్వు టానిన్ల పొగరు అణిచేశాయి. ఎండు చెర్రీల రుచి, వెనక పులుపు మిగిలాయి. ఆ పులుపే వెన్న జిడ్డును కడిగేస్తోంది.

1980లలో ఇక్కడ పీపాల గురించి పెద్ద తగాదా నడిచింది. కొత్తతరం వాళ్లు 225 లీటర్ల చిన్న ఫ్రెంచ్ పీపాలు తెచ్చి వైన్‌ను త్వరగా మెత్తబరచాలన్నారు. పాతవాళ్లు క్రొయేషియాలోని స్లావోనియా ఓక్ చెక్కతో చేసిన పెద్ద పీపాలను వదిలేది లేదన్నారు. రెండు రకాలూ రుచి చూశాను. నా ఓటు పాతవాళ్లకే. చిన్న పీపాలదానిలో వనిల్లా వాసన గులాబీని మింగేసింది.

సీసా ఒకటి కొని టురిన్ వచ్చేసరికి మిత్రుడి భార్య మటన్ వేపుడు చేసి ఉంచింది, ఇంటినుంచి తెచ్చుకున్న గుంటూరు కారంతో. మాంసమే కదా అని ఉత్సాహంగా సీసా తెరిచాను. మొదటి గుక్కకే నోరు భగ్గుమంది. వగరు, ఆల్కహాలు కలిసి కారాన్ని రెట్టింపు చేశాయి. వదిన మాట్లాడకుండా గ్లాసు పక్కకు జరిపి మజ్జిగ తెచ్చి పెట్టింది. భోజనాలయ్యాక, ఆల్బాలో కొన్న కాస్తెల్‌మాన్యో చీజ్ ముక్కలతో ముగ్గురం ఆ సీసా ఖాళీ చేశాం.