పదిహేను ఎంఎల్ కోసం ఉప్పల్ నుంచి మణికొండ

విజయవాడ నుంచి ఎల్బీ నగర్ దాకా రావడం ఒక ఎత్తు, హైదరాబాద్‌లో దిగాక ఈ మూల నుంచి ఆ మూలకు పోవడం ఒక ఎత్తు. బస్సు గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. సూర్యాపేట దగ్గర ఎప్పటిలాగే డ్రైవర్‌కి ఊరికే టిఫిన్ పెట్టే హోటల్ ముందే ఆపారు, రెండు ఇడ్లీకి డెబ్బై రూపాయలు గుంజారు, చట్నీలో కొబ్బరి కంటే నీళ్లెక్కువ. మా బావమరిది బోడుప్పల్‌లో ఇల్లు కట్టుకున్నాడు, దాని గృహప్రవేశానికి వెళ్లాం. వ్రతం బాగా జరిగింది, గుత్తి వంకాయ అదిరింది, బంధువుల్లో మాట్లాడుకోనివాళ్లు ఈసారి కూడా మాట్లాడుకోలేదు. ఆ రోజు సంగతి అంతే. నేను రాద్దామనుకున్నది మర్నాటి రాత్రి గురించి.

మధ్యాహ్నం నిద్ర లేచేసరికి మావాడు తయారై కూర్చున్నాడు. "బావా, మణికొండలో ఫ్రెండ్స్ సిట్టింగ్ ఉంది, వస్తావా?" అన్నాడు. మా ఆవిడ వింటోందేమోనని అటూ ఇటూ చూసి సరే అన్నాను. సిట్టింగ్ అంటే నాకు తెలిసింది ఒకటే. కింద చాప, మధ్యలో పేపరు, దాని మీద చికెన్ పకోడీ, రొయ్యల వేపుడు, నిమ్మకాయ పిండిన ఉల్లిపాయ ముక్కలు, ఎవడో ఒకడు తన మేనేజర్‌ని తిట్టడం, రెండో రౌండు తర్వాత వాడే ఏడవడం. సీసాలో ఏముందన్నది మాత్రం ఎవరూ పట్టించుకోరు. పైగా మాది ఆంధ్రా. 2019 అక్టోబరు నుంచి ఐదేళ్లు మా వైపు మందు షాపులు ప్రభుత్వమే నడిపింది, ఆ రోజుల్లో నాలాంటివాళ్లం పేరు పెట్టి బ్రాండు అడగడమే మానేశాం, కౌంటర్ లోంచి ఏ సీసా వస్తే అదే ప్రసాదం. 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు మళ్లీ వచ్చాక కూడా చాలా రోజులు నేను కౌంటర్ దగ్గర "ఏదుంటే అదివ్వండి" అనే అంటూ ఉండేవాణ్ని.

ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా రైలు మారే పని లేదు, అది ఒక్కటే సుఖం. మే నెల, బయట నిప్పులు కురుస్తున్నాయి, లోపల ఏసీ, బ్యాగులో మావాడి విస్కీ సీసా, దాన్ని టవల్‌లో చుట్టి పసిపిల్లని పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకున్నాడు. అమీర్‌పేట దాటాక సీటు పక్కన నిలబడ్డ కుర్రాడు ఫోన్‌లో ఎవరితోనో ఇంటి అద్దె గురించి గొడవ పడుతున్నాడు, మాదాపూర్ వచ్చేదాకా అదే విన్నాను, చివరికి ఎంతకి కుదిరిందో తెలియలేదు. రాయదుర్గంలో దిగాక అసలు కష్టం మొదలైంది. యాప్‌లో ఆటో బుక్ చేస్తే "యాడికన్నా?" అని ఫోన్ చేయడం, మణికొండ అనగానే "అటు దిక్కు ట్రాఫిక్ మస్తుందన్నా, క్యాన్సిల్ చేయుర్రి" అనడం. చివరికి దొరికిన ఆటో అతను రెండొందల యాభై అడిగాడు. బెజవాడలో ఆ డబ్బుతో మా ఇంటి నుంచి కనకదుర్గమ్మ గుడికి పోయి దర్శనం చేసుకుని తిరిగి రావచ్చు.

ఫ్లాట్ మూడో అంతస్తులో. తలుపు తీయగానే చల్లటి గాలి, మధ్యలో పొడుగాటి టేబుల్, దాని మీద తెల్ల కాగితం పరిచి, అడుగున ఉబ్బెత్తుగా పైన సన్నగా ఉండే చిన్న చిన్న గ్లాసులు వరసగా పెట్టారు. గ్లెన్‌కెయిర్న్ గ్లాసులట, వాసన పైకి పోకుండా మూతి దగ్గర ఆగుతుందట. సోడా లేదు. ఐస్ లేదు. ఇక మంచింగ్ అంటారా, ఉప్పు లేని బిస్కట్లు ఒక ప్లేటులో, పక్కన మంచినీళ్లు. నా గుండె జారిపోయింది. బిర్యానీ ఆర్డర్ పెట్టాం అన్నా, ఆఖర్న వస్తుంది అని ఆ ఇంటాయన ఓదార్చాడు. కారం తింటే నాలుక చచ్చిపోతుందట, ఆ తర్వాత ఏం పోసినా ఒకటేనట. ఒకటే కదా, ఎప్పుడూ ఒకటే అనుకునే తాగుతున్నాం కదా అన్నాను, నవ్వలేదు ఎవరూ.

వాళ్ల పద్ధతేమిటంటే ఎవరి సీసా వాళ్లు తెస్తారు, "ఈ రాత్రి నాది ఇది" అని చెప్పి టేబుల్ మీద పెడతారు, అందరూ అందరిదీ రుచి చూస్తారు. బాగానే ఉంది అనుకునేలోపు ఇంటాయన స్టీలు కొలత గ్లాసు తీశాడు. మనిషికి పదిహేను ఎంఎల్! మా ఊళ్లో పెగ్గంటే అరవై, పదిహేనంటే మూత కడిగిన నీళ్లు. గంటన్నర ప్రయాణం చేసి, రెండొందల యాభై ఆటోకి పోసి, పిల్లలకి దగ్గు మందు పోసినట్టు పోయించుకోవడానికా నేను వచ్చింది? బావమరిది మొహం చూసి ఊరుకున్నాను.

మావాడిది అమృత్ ఫ్యూజన్. బెంగళూరుది. మన బార్లీ కొంత, పొగబెట్టిన స్కాట్లాండ్ బార్లీ కొంత కలిపి చేస్తారు, యాభై శాతం ఆల్కహాల్. వీళ్ల సింగిల్ మాల్ట్‌ని, అంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతోనే చేసిన విస్కీని, 2004లో మొదట అమ్మకానికి పెట్టింది ఇక్కడ కాదు, స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో, అంటే కొండపల్లిలో బొమ్మలమ్మినట్టు, ఆ ధైర్యం నాకు నచ్చింది. నల్గొండ కుర్రాడొకడు ఇంద్రి తెచ్చాడు, హర్యానాది, మూడు రకాల పీపాల్లో నిలవ పెట్టిందట. ఇంటాయనది గోవా పాల్ జాన్. బ్యాంకులో పని చేసే ఒకావిడ లాఫ్రోయిగ్ పెట్టింది, వాళ్లన్నయ్య డల్లాస్ నుంచి వస్తూ శంషాబాద్ డ్యూటీ ఫ్రీలో కొన్నాడట, మనిషికి రెండు లీటర్ల దాకా తెచ్చుకోవచ్చు కదా. బయట షాపులో ధర ఎంతో కూడా చెప్పింది. ఆ అంకె ఇక్కడ రాయను, ఇంట్లో చదువుతారు.

ఆ లాఫ్రోయిగ్ ముక్కు దగ్గర పెట్టుకోగానే నాకు మా ఊరి గవర్నమెంటు ఆసుపత్రి గుర్తొచ్చింది. మోకాలు చెక్కుకుపోతే కాంపౌండర్ పసుపు పచ్చని టింక్చర్ రాసేవాడు, ఆ మంట, ఆ గోడల సున్నం వాసన, అన్నీ. పైకి అనేశాను కూడా. ఇంతసేపూ నన్ను పట్టించుకోనివాళ్లందరూ ఒక్కసారి "కరెక్ట్ అన్నా!" అన్నారు, నేనేదో కనిపెట్టినట్టు. దాన్ని చేసే స్కాట్లాండ్ ఐలా దీవిలో వేల ఏళ్లుగా కుళ్లి గడ్డకట్టిన మొక్కల మట్టి, పీట్ అంటారు, దాన్ని కాల్చి ఆ పొగతో మొలకెత్తిన బార్లీని ఆరబెడతారట. ఆ పొగే ఈ ఆసుపత్రి వాసన. అంత ఖర్చు పెట్టి టింక్చర్ తాగడమేమిటో అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాలేదు, కానీ రెండో గుక్క మాత్రం అడిగి పోయించుకున్నాను.

మూల కుర్చీలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. తెల్ల పొట్టి చేతుల చొక్కా, జేబులో పెన్ను, డెబ్బై దాటి ఉంటాయి. అందరూ సార్ సార్ అంటున్నారు. ఆయన వంతు వచ్చి "ఈ రాత్రి మీది ఏంటి సార్?" అని అడిగితే "నాదేం లేదమ్మా, నేను వాసన చూసేవాణ్ని" అన్నాడు. షుగరు, బీపీ, డాక్టరు పూర్తిగా మాన్పించేశాడు. ఉద్యోగమంతా డిస్టిలరీలో కెమిస్టుగా చేశాడట, బ్లెండింగ్, అంటే రకరకాల సరుకులు కలిపే పని, చూసేవాడు. గ్లాసులో విస్కీకి సమానంగా నీళ్లు పోసి, కళ్లు మూసుకుని వాసన చూసి, ఒక్క చుక్క కూడా నోట్లో వేసుకోకుండా పక్కవాడి గ్లాసులో ఒంపేస్తున్నాడు. పక్కవాణ్ని నేనే. ఆ రాత్రి నాకు కొంచెం న్యాయం జరిగిందంటే ఆయన దయే.

నీళ్లు కలిపి చూడటం ఎందుకండీ అని అడిగాను. నలభై, యాభై శాతంలో స్పిరిట్ ముక్కుని కొడుతుంది, ఇరవై, పాతికకి దించితే వెనకాల దాక్కున్నవి బయటికొస్తాయి, బ్లెండర్లు చాలామంది అలాగే చూస్తారు, రోజంతా తాగుతూ కూర్చుంటే సాయంత్రానికి ఉద్యోగముంటుందా నాయనా అన్నాడు. తర్వాత ఇంకో పని చేశాడు. అరచేతిలో కాస్త లాఫ్రోయిగ్ పోసుకుని రెండు చేతులూ గట్టిగా రుద్ది, ఆల్కహాల్ ఎగిరిపోయాక చేతులు నా ముక్కు ముందు పెట్టాడు. టింక్చర్ కింద నానబెట్టి ఎండేసిన ధాన్యం లాంటి తియ్యటి వాసన. అన్ని సీసాలకీ అదే చేసి చూపించాడు, మోచేతుల దాకా తడిసిపోయాడు, చొక్కా మీద కూడా ఒలికింది.

నేను ఇంటి దగ్గర తాగేదాని పేరు చెప్పి అందులో ఏముంటుందండీ అని అడిగాను. మొహమాటం లేకుండా చెప్పాడు. ఎక్కువ భాగం రుచీ వాసనా లేకుండా బాగా శుద్ధి చేసిన స్పిరిట్, ఈఎన్ఏ అంటారు, చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే చెరకు మడ్డి, అదే మొలాసిస్ నుంచో నూకల్లాంటి ధాన్యం నుంచో తీస్తారు, దానికి కాస్త మాల్ట్, రంగుకి కారమెల్. మొలాసిస్‌తో చేసినదాన్ని యూరప్‌లో విస్కీ అని పేరు పెట్టి అమ్మనివ్వరు. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ పక్కన పెరిగినవాణ్ని, ఆ మాటకి నాకు కాస్త రోషం వచ్చింది. ఆయన కనిపెట్టి, "తప్పేం లేదయ్యా, అది వేరే సరుకు, దాని ధర దానిది, నా పిల్లల్ని చదివించింది అదే" అన్నాడు. లేబుల్ మీద 42.8 శాతం అని ఎందుకుంటుందో కూడా అప్పుడే తెలిసింది. ఇంగ్లీషువాళ్ల పాత ప్రూఫ్ లెక్క, నూరు ప్రూఫ్ అంటే సుమారు 57 శాతం, అందులో డెబ్బై ఐదు ప్రూఫ్ అంటే ఇది. వాళ్లు వెళ్లి ఇన్నేళ్లయినా సీసా మీద వాళ్ల లెక్కే.

మన మాల్టుల మీద పన్నెండేళ్లు, పద్దెనిమిదేళ్లు అని పెద్దగా ఎందుకు కనపడదు అని నల్గొండ కుర్రాడు అడిగాడు. పెద్దాయన కాగితం మీద లెక్క వేశాడు. పీపాలో ఉన్న సరుకు ఏడాదికేడాది గాల్లోకి పోతుంది. స్కాట్లాండ్ చలికి నూటికి రెండు, బెంగళూరు ఎండకి పది, పన్నెండు. రెండొందల లీటర్లు పోస్తే అక్కడ పన్నెండేళ్లకి కూడా నూట యాభై పైన మిగులుతుంది, ఇక్కడ పది లెక్కన చూసినా ఆరేళ్లకే నూట ఆరు. ఇంకో ఆరేళ్లు ఆగితే పీపా అమ్ముకోవాలి. వేడికి చెక్కలోకి తొందరగా ఇంకుతుంది కాబట్టి నాలుగైదేళ్లకే తయారైపోతుంది కూడా. ఈ పంచుకోవడం వెనక కథ కూడా అలాంటిదేనని ఇంటాయన అన్నాడు. మూత తీసిన సీసా సగం దాటాక గాలి తగిలి నెలల్లో చప్పబడిపోతుంది, ఒక్కడే తాగి ముగించేలోపు పాడవుతుంది, అంత డబ్బు పోసి కొన్నది పాడు చేసుకోవడం కంటే పదిమందికీ పోస్తే పదిమంది సీసాలూ మనవే. మొదట నాకు పిసినారితనంలా కనిపించింది అసలు లెక్కల వ్యవహారమన్నమాట. వెళ్లేటప్పుడు చిన్న చిన్న గాజు సీసాల్లో ముప్పై ఎంఎల్ చొప్పున నింపి, స్టిక్కర్ మీద పేరూ తేదీ రాసి నాకూ ఇచ్చారు.

బిర్యానీ పదకొండున్నరకి వచ్చింది. అప్పటికి ఆకలి చచ్చిపోయింది, అయినా తిన్నాను. మావాడు సోఫాలోనే నిద్రపోయాడు.

పెద్దాయనది తార్నాక. నేనే డ్రైవింగ్, ఉప్పల్‌లో దింపేస్తాను పదండి అన్నాడు. మావాణ్ని లేపి పాత వ్యాగన్ ఆర్ వెనక సీట్లో కూలేశాం. మాసబ్ ట్యాంక్ దాటాక డ్రంకెన్ డ్రైవ్ చెకింగ్. అద్దం దించగానే కానిస్టేబుల్ వెనక్కి ఒక అడుగు వేశాడు. వెయ్యడూ మరి, ఆయన చొక్కా, చేతులు, వెనక మా బావమరిది, కారంతా ఐలా దీవిలా ఉంది. ఊదమన్నాడు. సున్నా. మిషన్ దులిపి మళ్లీ ఊదమన్నాడు. మళ్లీ సున్నా. నూరు ఎంఎల్ రక్తంలో ముప్పై మిల్లీగ్రాములు దాటితే కేసు, ఇక్కడ ఒక్కటి కూడా చూపించడం లేదు. "పెద్దాయనా, మరి ఈ వాసనేంది?" అన్నాడు. ఈయన ఏమాత్రం తొణక్కుండా అరచెయ్యి బయట పెట్టి వాసన చూడమన్నాడు. కానిస్టేబుల్ నిజంగానే వంగి చూసి, "దవాఖాన వాసనొస్తున్నది, పోన్రి పోన్రి" అన్నాడు. నేను మాత్రం ఉప్పల్ వచ్చేదాకా నోరు విప్పి ఊపిరి పీలిస్తే ఒట్టు.

మా ఆవిడ నమ్మలేదు. మొత్తం కలిపితే క్వార్టర్ కూడా అవ్వదే అంటే, ఇంత కంపు క్వార్టర్‌కే వస్తుందా అంది. మర్నాడు తిరుగు బస్సుకి ఆదివారం రేటని దాదాపు రెట్టింపు తీసుకున్నారు. స్టిక్కర్ సీసాలు బ్యాగులో పెట్టుకోవాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర బ్యాగు విప్పమంటే హోమియో మందని చెప్పేంత ధైర్యం నాకు లేదు, బావమరిది బీరువాలోనే పెట్టించి, మళ్లీ వచ్చినప్పుడు తాగుతాను, ముట్టుకోకు అని గట్టిగా చెప్పి వచ్చాను. మంగళవారం ఫోన్ చేశాడు. చిన్న సీసా కదా బావా, గాలి తగిలి పాడైపోతుందని నిన్ననే తాగేశానన్నాడు.