వెళ్ళడం సరే, ఆగేదెలా?

వేరే నక్షత్రాల దాకా మనుషులు ఎప్పుడు వెళ్తారన్న మాట వస్తే చాలు, అందరూ ఇంజిన్ గురించే మాట్లాడతారు. నా ఉద్యోగం మెయింటెనెన్స్. కంప్రెసర్లు, పంపులు, బేరింగులు, సీళ్ళు. అందుకేనేమో, ఈ కబుర్లు విన్నప్పుడల్లా నా టెన్షన్ వేరే ఉంటుంది. అక్కడ ఆగేదెలా? దారిలో ఏదైనా పాడైతే దాని స్పేరు ఎక్కడిది?

ముందు దూరం సంగతి. మనకు అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ. 4.24 కాంతి సంవత్సరాలు, అంటే సుమారు 40 లక్షల కోట్ల కిలోమీటర్లు. 1977లో బయల్దేరిన నాసా వ్యోమనౌక వాయేజర్-1 సెకనుకు 17 కిలోమీటర్ల చొప్పున పోతోంది. అది అటు వెళ్ళడం లేదు గానీ, వెళ్తే 75 వేల ఏళ్ళు పడుతుంది. సూర్యుణ్ని పరిశీలించే నాసా నౌక పార్కర్ సోలార్ ప్రోబ్ 2024 డిసెంబరులో సెకనుకు 192 కిలోమీటర్లు అందుకుంది. అది సూర్యుడి వైపు పడుతూ తెచ్చుకున్న వేగం, దూరంగా వెళ్ళేటప్పుడు చాలావరకు తిరిగి ఇచ్చేయాల్సిందే. పోనీ ఆ వేగమే నిలిచిందనుకున్నా 6,600 ఏళ్ళు.

కాబట్టి కాంతి వేగంలో కనీసం పదో వంతు కావాలి. అప్పుడు 42 ఏళ్ళలో చేరతాం. ఐన్‌స్టీన్ సాపేక్షత ప్రకారం ఆ వేగంలో అంతరిక్ష ఓడలో కాలం నెమ్మదిగా నడిచి మనకు మిగిలేది మొత్తం మీద రెండున్నర నెలలు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఇప్పుడున్న మంచి రసాయన ఇంజిన్లలో వాయువు సెకనుకు సుమారు నాలుగున్నర కిలోమీటర్ల వేగంతో వెనక్కి పోతుంది. రష్యా శాస్త్రవేత్త త్సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన రాకెట్ సమీకరణం ప్రకారం, ఇంకో నాలుగున్నర కిలోమీటర్ల వేగం కావాలనుకున్న ప్రతిసారీ బయల్దేరే బరువు 2.7 రెట్లవుతుంది. మనకు కావాల్సింది సెకనుకు 30,000 కిలోమీటర్లు. అంటే 2.7ను 6,600 సార్లకు పైగా హెచ్చవేయాలి. వచ్చే సంఖ్యలో దాదాపు 2,900 అంకెలుంటాయి. కనిపించే విశ్వంలోని పరమాణువులన్నీ లెక్కపెట్టినా సుమారు 80 అంకెలేనని అంచనా. రసాయన ఇంధనం కథ అక్కడితో సరి.

మిగిలింది కేంద్రక సంలీనం, అంటే సూర్యుడిలో లాగా చిన్న పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి తీయడం. బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ వాళ్ళు 1973–78 మధ్య డెడాలస్ అని ఒక డిజైన్ చేశారు. మొత్తం 54,000 టన్నులు, అందులో 50,000 టన్నులు ఇంధనమే. ఆ ఇంధనంలో ఒకటైన హీలియం-3 కోసం గురుగ్రహం దాకా పోయి తెచ్చుకోవాలి. వేగం కాంతిలో 12 శాతం, బర్నార్డ్ నక్షత్రానికి 50 ఏళ్ళు. అందులో మనుషులు లేరు, బ్రేకులూ లేవు. అన్నేళ్ళు ప్రయాణించి, భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్నంత దూరాన్ని 70 నిమిషాల్లో దాటేసి అవతలికి పోతుంది.

మనుషులైతే ఆగి తీరాలి. ఆగడానికి దాచిన ఇంధనాన్ని కూడా ముందు వేగం ఎక్కించాలి కదా. వేగం అందుకోవడానికే బయల్దేరే బరువు పదింతలు కావాలంటే, ఆగడం కూడా కలిపితే ఇరవై ఇంతలు కాదు, వందింతలు. ఇక్కడి నుంచి లేజర్ కాంతితో తోద్దామనే వాళ్ళున్నారు. 2016లో ప్రకటించిన బ్రేక్‌త్రూ స్టార్‌షాట్ ఆలోచన అదే, కాకపోతే అక్కడ పంపాలనుకున్నది గ్రాముల బరువున్న చిప్. అవతల ఆపడానికి లేజర్ ఎవరు పెట్టారు?

శక్తి లెక్క కూడా చూడండి. ఓడ వెయ్యి టన్నులనుకుందాం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం లాంటివి రెండు, ఇంకాస్త. దాన్ని కాంతి వేగంలో పదో వంతుకు తేవాలంటే, ఒక్క పిసరు వృథా పోకపోయినా, ప్రపంచమంతా ఒక ఏడాదిలో వాడే శక్తిలో ముప్పాతిక వంతు కావాలి. ఆ వేగంలో ఎదురొచ్చే ఒక మిల్లీగ్రాము ధూళి రేణువు వంద కిలోల టీఎన్‌టీ పేలినట్టు తగులుతుంది. దానికి కవచం కావాలి, కాస్మిక్ కిరణాలకు ఇంకో కవచం. అదంతా బరువే.

ఇక నా డిపార్ట్‌మెంట్. 2023 నవంబరులో వాయేజర్-1 అర్థంలేని డేటా పంపడం మొదలెట్టింది. మెమరీలో ఒక చిప్ పోయింది. అందులోని కోడ్ మొత్తం పట్టేంత ఖాళీ ఒకేచోట లేకపోతే, ఇంజినీర్లు దాన్ని ముక్కలు చేసి వేర్వేరు చోట్ల సర్దారు. 2024 ఏప్రిల్ 18న కమాండ్ పంపారు, సిగ్నల్ చేరడానికి 22 గంటల పైన. ఏప్రిల్ 20న పనిచేసిందని తెలిసింది. ఇంత గొప్ప రిపేరు నేను ఇంకోటి ఎరగను. అయినా అది ఊపిరి పీల్చే యంత్రం కాదు, నెలల తరబడి ఆగగలిగింది.

మనుషులున్న పెట్టెకు అన్ని నెలలు ఆగే వీలు లేదు. అమెరికాలోని అరిజోనాలో 1991లో బయోస్ఫియర్-2 అనే మూడెకరాల గాజు కట్టడంలో ఎనిమిది మంది రెండేళ్ళు ఉందామని తలుపేసుకున్నారు. ఏడాదిన్నర తిరిగేలోపు లోపలి ఆక్సిజన్ 21 శాతం నుంచి 14 చిల్లరకు పడిపోయింది. మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ లాగేసి కార్బన్ డయాక్సైడ్ వదిలాయి. ఆ కార్బన్ డయాక్సైడ్ మొక్కలకు చేరేలోపు చాలావరకు కాంక్రీటు గోడలు పీల్చుకున్నాయి. చివరికి బయటి నుంచి ఆక్సిజన్ పంపారు. గోడ కూడా గాలి తింటుందని డిజైన్ చేసినప్పుడు ఎవరూ అనుకోలేదు.

ఇంకో చిన్న వస్తువు చెప్తాను, ఓ-రింగ్. పంపుల్లో లీకు కాకుండా అతుకుల దగ్గర పెట్టే రబ్బరు ఉంగరం. రబ్బరు సీలు వాడకుండా అరలో పెట్టినా కొన్నేళ్ళకు గట్టిపడుతుంది, నొక్కితే పగుళ్ళు కనిపిస్తాయి. ప్యాకెట్ మీద ఎక్స్‌పైరీ ఉండేది అందుకే. కాబట్టి 42 ఏళ్ళకు సరిపడా సీళ్ళు ముందే మోసుకెళ్ళడం కుదరదు, ఓడలోనే తయారు చేసుకోవాలి. అందుకు ముడిసరుకు, అచ్చులు, చిన్నపాటి కెమికల్ ప్లాంటు కావాలి. ఆ ప్లాంటులో మళ్ళీ పంపులుంటాయి, వాటికి సీళ్ళుంటాయి. చిప్‌ల తయారీ సంగతి నేను ఎత్తడమే లేదు. ఇవన్నీ కలిపితే మన వెయ్యి టన్నులు ఎంతవుతాయో చూసుకుని, పైన వేసిన ఇంధనం లెక్క మళ్ళీ మొదటి నుంచి వేయాలి, ఆగడానికి కావాల్సినది కూడా కలిపి.