కొలకర్రతో పుట్టిన పట్టణాలు

మధ్యయుగపు ఇంగ్లండ్ పట్టణం అనగానే వంకర టింకర సందులూ, ఒకదానిపైకి ఒకటి ఒరిగిన కొయ్య ఇళ్లూ మనసులో మెదులుతాయి. ఎవరికి తోచిన చోట వారు కట్టుకోగా ఊరు దానంతటదే పెరిగిందనుకుంటాం. 12, 13 శతాబ్దాలలో కొత్తగా వేసిన పట్టణాలలో చాలావాటికి ఈ మాట వర్తించదు. వాటిని వేయించిన బిషప్పులకూ ప్రభువులకూ కావలసింది శిస్తు, సంత సుంకం.

1196లో వూస్టర్ బిషప్ స్ట్రాట్‌ఫర్డ్ అపాన్ ఏవన్‌లో స్థలాలు కొలిపించినప్పుడు, ఒక్కోదానికి వీధి వైపు 3.5 పెర్చ్‌ల వెడల్పు, వెనక్కి 12 పెర్చ్‌ల పొడవు నిర్ణయించాడు. పెర్చ్ అంటే 16.5 అడుగులు కనుక, 58 అడుగుల ముఖం ఉన్న స్థలం దాదాపు 200 అడుగులు లోపలికి సాగేది. శిస్తు ఏడాదికి 12 పెన్నీలు. వీధి మీద అంగడి, దాని వెనుక ఇల్లు, ఇంకా వెనుక పనిశాల, పెరడు ఉండేవి. గిరాకీ పెరిగినప్పుడు ఇటువంటి స్థలాలను నిలువునా చీల్చేవారే తప్ప అడ్డంగా కోసేవారు కాదు. వీధి ముఖం దక్కని ముక్కతో వ్యాపారికి పనేముంది? ఇళ్లు కాలిపోయినా, కూలిపోయినా హద్దులు మాత్రం చాలాచోట్ల నిలిచిపోయాయి, ఎందుకంటే హద్దు జరపాలంటే పొరుగువాడు ఒప్పుకోవాలి.

1220 ప్రాంతంలో బిషప్ రిచర్డ్ పూర్ కొండ మీది పాత ఊరిని వదిలి, దిగువ మైదానంలో వేయించిన సాల్స్‌బరీలో వీధులు గళ్లు గళ్లుగా ఉంటాయి. వీధుల వెంట నీటి కాలువలు పారించవలసి రావడం వల్ల ఆ గళ్లు అచ్చంగా చతురస్రాలు కాలేదు.

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది సంత మైదానాల ఆక్రమణ. పొద్దున వేసి సాయంత్రం ఎత్తివేయవలసిన బల్లలు నెమ్మదిగా పాకలయ్యాయి, పాకలు మేడలయ్యాయి. సాల్స్‌బరీలోని ఫిష్ రో, బుచర్ రో ఆ వరుసలే. లడ్లోలో కోట ముందు నుంచి సాగిన విశాలమైన సంతవీధి నడుమ ఇటువంటి కట్టడాలే లేచి, ఇరుకు సందులను మిగిల్చాయి. ఆ ఇరుకుకు కారణం ప్రణాళిక లేకపోవడం కాదు; సంతలో చోటుకు పలికిన ధర, అద్దె వస్తున్నంత కాలం ఆక్రమణను చూసీ చూడనట్లు వదిలేసిన యజమాని.

1280లలో మొదటి ఎడ్వర్డ్ విన్చెల్సీని కొండ మీద కొత్తగా వేయించినప్పుడు కథ ఎదురు తిరిగింది. వైన్ వ్యాపారుల కోసం రాతి నేలమాళిగలు కట్టారు. తర్వాత ఫ్రెంచి దాడులు, ప్లేగు, పూడిపోయిన రేవు కలిసి వ్యాపారాన్ని దెబ్బతీశాయి. కొలిచిన గళ్లలో చాలా భాగం నేటికీ పచ్చిక బయలే.